కొంగ కన్ను

ధవళేశ్వరంలో మాబున్నిని ఎవరైనా కొత్తవాళ్ళు "మీరు బాడ్జీలు కుడతారటగా" అని పలకరిస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. బాడ్జీలు బజారులో డజను లెక్కన దొరుకుతాయి, నేను కుట్టేది కొంగబిళ్ళ అంటుంది. అడిగిన పాపానికి వాళ్ళు ఓ గంట కూచోక తప్పదు. ఆ బిళ్ళ కథ మొదలుపెడితే ముగిసేదాకా ఆవిడ మనిషిని లేవనివ్వదు.

మనమూ అక్కడే కూచుందాం, ఎందుకంటే ఆ బిళ్ళ సంగతి తెలియకపోతే తర్వాత జరిగింది బోధపడదు. గోదావరి వంతెన దళం అని సైన్యంలో ఒక దళం ఉంది. వరదల్లో, కొండచరియలు విరిగిన చోట, పడవలూ ఇనప పలకలూ కలిపి గంటల్లో వంతెన వెయ్యడం వాళ్ళ పని. వాళ్ళ ఎడమ భుజం మీద అరచెయ్యంత నీలం గుడ్డ ఉంటుంది. దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ తెల్ల కొంగ, కొంగ కింద మూడు అలలు, చుట్టూ ముడి కనపడని మోకు. అడుగున "కాలు కదపం" అని రెండు మాటలు.

దళం పుట్టిన తొలినాళ్ళలో ఒక సుబేదారు ఉండేవాడట. వరదలో రెండు పడవల మధ్య ఆయన కాలు ఒకటి ఇరుక్కుని నుజ్జయింది. రెండో కాలి మీదే నిలబడి, ఊరు ఊరంతా దాటేదాకా మూడు రోజులు మోకు వదల్లేదట. ఒంటికాలు అందుకు, మూడు అలలు అందుకు. మోకుకి ముడి ఎందుకు లేదంటే, మోకు కొస ఫలానావాడి చేతిలో ఉందని చెప్పకూడదు, అందరి చేతుల్లోనూ ఉండాలి. అసలు కొంగకి కన్ను పసుపుగా ఉంటుంది. ఈ కొంగకి మాత్రం ఎర్రటి కన్ను. మూడు రోజులు రెప్ప వాల్చని కన్ను మరి ఎర్రగా కాక ఎలా ఉంటుంది అంటుంది మాబున్ని.

ఆ కన్ను దగ్గర ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాడి బిళ్ళ మీద కొంగకి కన్ను కుట్టరు. వాడు తన చేతులతో మొదటి వంతెన వెయ్యాలి, దాని మీద దళం వాళ్ళు కాని మనిషి ఒకడు దాటాలి. అప్పుడు మాబున్ని సూది పట్టుకుని మైదానానికి వెళ్ళి, అందరి ముందూ ఇరవై ఒక్క చుట్లు చుట్టి కన్ను ముడి వేస్తుంది. ఆ మనిషి పోయిననాడు, పనిలో పోయినా ముసలివాడై మంచంలో పోయినా, బిళ్ళ మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తుంది. కంటి దారం విప్పి, చిన్న వెండి భరిణెలో పెట్టి, వాడి తల్లికో పెళ్ళానికో చేతికివ్వాలి. అత్తగారి చేతి నుంచి సూది అందుకున్న ముప్పైనాలుగేళ్ళలో మాబున్ని ఎన్నో కళ్ళు పెట్టింది, పంతొమ్మిది కళ్ళు తీసింది. అందులో ఒకటి తన మొగుడు మీరాసాహెబుది. ఆ రోజు భరిణె ఇచ్చిన చెయ్యీ పుచ్చుకున్న చెయ్యీ ఆవిడదే.

మీరాసాహెబు దళంలో హవల్దారు. ఒక వరదలో, పక్కవాడొకడు బెదిరిపోయి మోకు వదిలేస్తే పడవ తిరగబడి నలుగురు పోయారు. వదిలినవాడు బతికాడు కానీ ఆ తర్వాత మనిషిలా బతకలేదు. మాబున్ని వాణ్ణి ఒక్క మాట అనలేదు. భయం ఎవడు కొని తెచ్చుకుంటాడు, దాని పాటికది వస్తుంది అనేది. అప్పటికి వాళ్ళ కూతురు జరీనాకి పద్నాలుగేళ్ళు. ఆ మాట ఆ పిల్ల మనసులో ఎక్కడ నాటుకుందో గానీ, చదువంతా దాని చుట్టూనే తిరిగింది. దారాల శాస్త్రం చదివింది, మనిషి నాడి గురించి చదివింది, చివరికి కాలవ నీళ్ళని ఆపే లాకుల దగ్గర సైన్యం వాళ్ళు పెట్టిన ప్రయోగశాలలోనే చేరింది. ముప్పై ఒకటో ఏట ఒక దారం తయారుచేసింది. దానికి నాడిదారం అని పేరు పెట్టింది.

అదేం చేస్తుందో జరీనా తల్లికి పాఠం చెప్పలేదు. ఒకరోజు పొద్దున్న ఆ తెల్లదారంతో కుట్టిన గుడ్డముక్క ఒకటి తల్లి రవికె భుజానికి గుచ్చి, అలాంటిదే తను పెట్టుకుని పనికి వెళ్ళిపోయింది. మాబున్నికి లోకంలో భయమంటూ ఉంటే అది బల్లి. బల్లి కనపడిందంటే వీధి వీధంతా వినపడేలా కేకలు పెడుతుంది. ఆ రోజు పదకొండింటికి గుడ్డ బిగించిన మగ్గం మీద కుట్టుకుంటూ ఉంటే పైనుంచి బల్లి సరిగ్గా గుడ్డ మీద పడింది. ఆవిడ దాన్ని చూసింది. పోవే అని చేత్తో తోసేసింది. తోశాక గానీ తనేం చేసిందో తెలియలేదు. తన చేతిని తానే తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండగా ఫోను మోగింది. అవతల జరీనా రొప్పుతోంది.

"అమ్మా, బల్లి పడిందా?"

సాయంత్రం వచ్చి విషయం చెప్పింది. ఈ దారం నాడి పట్టుకుంటుంది, ఒకరి ఒంట్లో భయం పుడితే ఈ దారం కట్టుకున్న మిగతావాళ్ళందరికీ పంచేస్తుంది. మనం ఇద్దరమే కాబట్టి సగం నాకొచ్చింది, నలభైమంది ఉంటే నలభయ్యో వంతు వస్తుంది, ఆ మాత్రం భయానికి ఎవడూ మోకు వదలడు అంది.  మీ నాన్నప్పుడు ఇది లేకపోయిందే అని మాబున్ని కళ్ళు తుడుచుకుంది.

పన్నెండుమంది మీద ఏడాదిపాటు పరీక్షలు జరిగాయి. అన్నిటికీ మాబున్నే బిళ్ళలు కుట్టింది, అన్నిటికీ కళ్ళు పెట్టింది, పరీక్షకి వచ్చినవాళ్ళు పాతకాపులు మరి. ఈ దారం కుట్టుమిషనుకి లొంగదు, చేత్తో తప్ప కుట్టడానికి వీల్లేదు. దళం మొత్తానికి నలభై బిళ్ళలు కుట్టమని ఉత్తర్వు వచ్చిన రోజున తల్లీకూతుళ్ళు అన్నం తింటూ మాట్లాడుకున్న మాటలు ఇప్పటికీ ఇద్దరికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి. జరీనా, ఒక్క కుట్టు కూడా మారకూడదమ్మా అంది. మార్చడానికి నాకేం పోయేకాలం వచ్చింది అంది తల్లి. కన్ను ముడి ఇరవై ఒక్క చుట్లకి తగ్గకూడదు అంది కూతురు. కోడికి పొదగడం నేర్పుతున్నావే, పప్పు వేసుకో అని నవ్వింది తల్లి. మాటలు అంతే. అదే బయటివాళ్ళెవరికైనా పని అప్పగించి ఉంటే ఈ ముడి ఎందుకు, ఇది లేకపోతే ఏమవుతుంది అని పది కాగితాలు రాసి సంతకాలు పుచ్చుకునేవాళ్ళు. ఒకే కంచం దగ్గర కూచున్న మనుషులు కాబట్టి అవేవీ అక్కర్లేదనుకున్నారు. ఎదుటి మనిషికి తెలుసులే అని ఇద్దరూ అనుకున్నారు.

నలభైమందిలో ముప్పైతొమ్మిదిమంది ఇదివరకే వంతెనలు వేసినవాళ్ళు. కొత్తవాడు ఒక్కడే, గిడ్డి ఏలీషా. కోనసీమ లంకల్లో పడవ నడిపేవాళ్ళ ఇంటి పిల్లాడు. ఇరవై రెండేళ్ళు. నడక నేర్చినరోజే నీళ్ళలో దిగానని చెప్పుకునేవాడు, చూస్తే అబద్ధం అనిపించదు. బిళ్ళ తీసుకోవడానికి మాబున్ని వసారాలోకి వచ్చి, దాన్ని వెలుగులో పట్టుకుని చూసి, నా కొంగ గుడ్డిదాండి పిన్నిగారూ అని దిగులుగా అడిగాడు. ఆవిడ వాణ్ణి కూచోబెట్టి మొత్తం కథ చెప్పింది. వాడు మధ్యలో లేవలేదు సరికదా, ఆ సుబేదారుగారి కాలు తర్వాత ఏమైందండి అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. మాబున్ని బిళ్ళ మీద వాడి గుప్పిట మూసింది.

"వంతెన వేసి రా నాయనా. కన్ను నేనే పెడతాను," అంది.

పెట్టకపోతే ఊరుకోనండి అని నవ్వి వెళ్ళాడు.

ప్రయోగశాలలో జరీనా నలభై బిళ్ళలనీ తెరమీద చూసుకుంది. నలభైకి నలభై దీపాలు వెలిగాయి. కొంగ ఒంటి దారం మేలుకుంటే దీపం వెలుగుతుంది, దానికి కంటితో పనిలేదు. ఆమె చాలా సంతోషంగా ఇంటికొచ్చి తల్లికి జిలేబీ తినిపించింది.

ఈ కథ జరిగేనాటికి ఏటా రెండు పెద్ద వరదలు రావడం మామూలైపోయింది. ఆ ఆగస్టులో శబరి పొంగింది. నది అవతల ఒక కొండవాలు మీద ఆరొందలమంది చిక్కుకుపోయారు, వాళ్ళ వెనకాల కొండ నెమ్మదిగా జారుతోంది. దళం మధ్యాహ్నం పన్నెండింటికి నీళ్ళలో దిగింది. మామూలుగా అయితే రెండు గంటల పని. నలభై ఒక్క నిమిషాల్లో వంతెన వేశారు. దుంగలు కొట్టుకొచ్చి పడవలకి తగులుతుంటే ఒక్కడు తల తిప్పలేదు. ఆరువందల పన్నెండుమంది దాటారు, ఆఖర్న దాటినవాడు మేకపిల్లని కూడా ఎత్తుకొచ్చాడు. ఆ తర్వాత కొండ వాళ్ళున్న చోటుని కప్పేసింది.

అందరూ దాటాక చూస్తే ఏలీషా నాలుగో పడవలో మోకు పట్టుకునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ఒంటి మీద గీత కూడా లేదు, గుండె ఆగిపోయింది. పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది. పరీక్ష చేసిన డాక్టర్లు నాలుగు ముక్కల్లో రాశారు: తీవ్రమైన భయం వల్ల మరణం.

మర్నాడు సుబేదారు అబ్బులు మాబున్ని ఇంటికి వచ్చాడు. పాతికేళ్ళుగా దళంలో ఉన్న మనిషి, మీరాసాహెబు చేతి కింద పని నేర్చుకున్నవాడు. ఏలీషా బిళ్ళని కాగితంలో చుట్టి తెచ్చి మగ్గం మీద పెట్టాడు. కూచోమన్నా కూచోలేదు.

"ఒకటి చెప్తానక్కా, ఎవరితోనూ అనలేదు. మాకు భయమే వెయ్యలేదు. కొంచెం కూడా కాదు, అసలు వెయ్యలేదు. పిల్లాడు పక్కన చచ్చిపోతుంటే నేను పలకలు లెక్కపెట్టుకుంటున్నాను."

ఆ మాటకి లోపలి గదిలోంచి జరీనా బయటికి వచ్చింది. అలా ఉండకూడదే, ఎవరి వాటా వాళ్ళకి తెలియాలి, నలభయ్యో వంతు అయినా తెలియాలి అంది. అంటూనే మగ్గం మీది కాగితం విప్పింది. విప్పి అలాగే నిలబడిపోయింది.

"కన్నేదమ్మా?"

"కొత్తవాడు కదే," అంది మాబున్ని.

 జరీనా గోడకి ఆనుకుని కింద కూలబడి చెప్పింది. నీటికి లాకు ఎలాంటిదో ఈ బిళ్ళకి కన్ను అలాంటిది. భయం ఇంతవరకే లోపలికి రావాలి, ఆ పైన రాకూడదు అని ఆపేది ఎర్ర రంగు అద్దిన నాడిదారంతో వేసే ఆ ముడే. చిన్నప్పటి నుంచీ నీ చేతికింద చూశాను, బిళ్ళ మొత్తంలో అంత చిక్కటి కుట్టు ఇంకోటి లేదు, అందుకే లాకు అక్కడ పెట్టాను. లాకు లేని చోటికి నీళ్ళన్నీ వచ్చేస్తాయమ్మా. ముప్పైతొమ్మిదిమందివీ వచ్చేస్తాయి. ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆచారం నాకు తెలుసు, తెలిసి కూడా కొత్త దారానికి పాత ఆచారం ఎందుకు పెడతావులే అనుకున్నాను, నిన్ను అడగలేదు అంది. మాబున్ని, నువ్వు అడగకపోయినా నేను చెప్పాల్సింది అంది. అబ్బులు నిలబడినవాడు నిలబడినట్టే బయటికి వెళ్ళి, మెట్ల మీద కూచుని, పెద్దగా ఏడ్చాడు.

జరీనా ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు రాసి పెద్దాఫీసుకి పంపింది. మూడోనాటికి అక్కణ్ణించి కర్నలు భార్గవ వచ్చాడు. అధికారంతో కాదు, మర్యాదగానే వచ్చాడు. వసారాలో ముక్కాలిపీట మీద కూచుని టీ తాగాడు, కొంగ కథ అడిగి విన్నాడు. తర్వాత అసలు మాట ఎత్తాడు. మీ అమ్మాయి రాసిన కాగితం నా దగ్గరే ఉంది, ఇంకెవరూ చూడలేదు అన్నాడు. నలభై ఒక్క నిమిషాల్లో అలాంటి వంతెన ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు, అందరికీ కళ్ళుండి ఉంటే పన్నెండో పదమూడో నిమిషాలు ఎక్కువ పట్టేవి, ఈలోగా కొండ పడేది అన్నాడు. అది అబద్ధం కాదు. మాబున్నికీ తెలుసు. అందుకే ఆవిడ లేచి పొమ్మనలేకపోయింది.

"నలభై బిళ్ళలకి ఒక కొంగ కన్ను లేకుండా ఉండాలమ్మా. అంతే నేను అడిగేది. పైకి కన్ను ఉన్నట్టే ఉండాలి, మామూలు ఎర్ర దారంతో. అది ఎవరికి ఇవ్వాలో మేం చూసుకుంటాం."

"వాడికి చెప్తారా బాబూ?"

"చెబితే వాడు ఒప్పుకోడు కదమ్మా," అన్నాడు కర్నలు.

ఒప్పుకుంటే అమ్మాయి మీద కేసు ఉండదు, ప్రయోగశాల ఉంటుంది. లేకపోతే, మనిషి ప్రాణం పోయిన పొరపాటు కాబట్టి చట్టం తన దారిన తను పోతుంది. ఏలీషా తల్లి శనివారం దారం తీసుకోవడానికి వస్తోంది. ఆ బిళ్ళకి కన్ను లేదన్న సంగతి ఆవిడకి తెలియదు. భరిణెలో ఏదో ఒక ఎర్ర దారం పెట్టెయ్యండి, పాపం ఆవిడకి అదే ఊరట అన్నాడు. చెప్పి, టీ బావుందని మెచ్చుకుని వెళ్ళాడు.

జరీనా రెండు రోజులు ప్రయోగశాలకి వెళ్ళలేదు, అన్నం సరిగ్గా తినలేదు. నువ్వేం చేసినా సరేనమ్మా అంది ఒకసారి. ఇంకోసారి, నాకు భయంగా ఉందమ్మా అంది. ఆ మాటే మాబున్నిని కోసేసింది. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ మామూలు ఎర్ర దారం తీసి, సూదికి ఎక్కించి, ఒక చిన్న గుడ్డ మీద ఇరవై ఒక్క చుట్లు చుట్టింది. మళ్ళీ విప్పింది. విప్పిన దారం వంకరలు తిరిగి, అచ్చం నిజం బిళ్ళలోంచి తీసినట్టే ఉంది. దాన్ని భరిణెలో పెట్టి మూత బిగించింది. ఆవిడ తన జీవితంలో వేసిన మొదటి దొంగకుట్టు అది. కూతురి కోసం వేసింది, అందులో దాచుకునేందుకు ఏమీ లేదు.

శనివారం పొద్దున్న దళం మైదానంలో ముప్పైతొమ్మిదిమంది వరసగా నిలబడ్డారు. మధ్యలో కొయ్యకి దళం జెండా ఎగురుతోంది, దాని మీద మనిషంత కొంగ. ఆ కొంగకి కన్ను కుట్టింది మాబున్ని అత్తగారి అత్తగారు. ఏలీషా తల్లి సువార్తమ్మ తెల్ల చీర కట్టుకుని, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వచ్చింది. ఎవరో చెప్తే మళ్ళీ తొడుక్కుంది. బక్క మనిషి, చేతులు మాత్రం తెడ్డు పట్టిన చేతులు. మాబున్ని ఎదురెళ్ళి భరిణె చాపింది. ఇలాంటప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది, ఇది నీ బిడ్డ రెప్ప వాల్చని కన్ను తల్లీ అని. పంతొమ్మిదిసార్లు చెప్పిన మాట అది. ఈసారి నోరు తెరిచేలోపే సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ దారం నాకొద్దండమ్మా. మా లంకలో అందరూ మావోడు బయపడి సచ్చిపోయాడంటన్నారు. కాయితంలో కూడా అలాగే రాసుందంట. ఏడేళ్ళప్పుడు మొసలిని సూసి నవ్వినోడండి ఆడు. పిరికోడు కాదని ఒక్క మాట సెప్పండి. అది పట్టుకెళ్తాను, సాలు."

మాబున్ని చేతిలో భరిణె ఉంది. పక్కనే కర్నలు ఉన్నాడు. వెనకాల, మనుషుల మధ్య, కూతురు నిలబడి ఉంది. వెనక్కి తిరిగి కూతుర్ని చూడాలనిపించింది, చూస్తే ఇక చెప్పలేనని చూడలేదు. భరిణె మూత తీసి, లోపలి దారాన్ని కింద పారేసింది.

ఇది నీ కొడుకుది కాదమ్మా, నేను నిన్న చేసిన దొంగ దారం అంది. వాడి కొంగకి కన్నే లేదు, నేను పెట్టలేదు, పెట్టకపోవడం వల్లే వాడు పోయాడు అంది. కన్ను ఎందుకు ఉండాలో, అది లేకపోతే ఏమవుతుందో, వంతెన మీద ఆ నలభై ఒక్క నిమిషాలూ ఏం జరిగిందో, తన ఇంట్లో అన్నం దగ్గర ఏ మాట అనుకోలేదో, ముక్కాలిపీట మీద కూచుని టీ తాగి కర్నలు ఏం అడిగాడో, ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. కర్నలు రెండుసార్లు ఇక చాలమ్మా అన్నాడు. ఆవిడ కథ మొదలుపెడితే ముగిసేదాకా లేవనివ్వదని ఆయనకి తెలియదు.

సువార్తమ్మ అంతా విన్నది. తర్వాత అడిగింది.

"అయితే మావోడు బయపళ్ళేదన్నమాట."

"భయపడ్డాడు తల్లీ. ముప్పైతొమ్మిదిమంది భయం పడ్డాడు. అందులో ఒక్కటీ వాడిది కాదు. అయినా మోకు వదల్లేదు."

సువార్తమ్మ ఏడవలేదు. వరసలో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వెళ్ళింది, వాళ్ళలో తన కొడుకు మోసినది ఎవరిదో వెతుకుతున్నట్టు. ఆ చూపుకి సుబేదారు అబ్బులు వరసలోంచి బయటికి వచ్చాడు. పాతికేళ్ళలో అలా ఎప్పుడూ రాలేదు. నేరుగా కొయ్య దగ్గరికి వెళ్ళి జెండా దింపాడు. పెద్దాఫీసు అనుమతి లేకుండా జెండా ముట్టకూడదని కర్నలు అన్నాడు.

"అడుగుదామండి. ముందు పని కానివ్వండి," అన్నాడు అబ్బులు.

జెండా తెచ్చి మాబున్ని ఒళ్ళో పరిచాడు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, ఆవిడకి చెప్పనక్కర్లేదు. మైదానంలో నేల మీదే చతికిలబడి, రవికెకి గుచ్చుకున్న సూది తీసి, పెద్ద కొంగ కన్ను విప్పడం మొదలుపెట్టింది. పాత దారం, లోపలి చుట్లు బిగుసుకుపోయి ఉన్నాయి.  జరీనా వచ్చి ఎదురుగా కూచుని గుడ్డ బిగించి పట్టుకుంది. ఈ దారం కనిపెట్టింది నేనేనమ్మా, లాకు అక్కడ పెట్టింది నేనే అని సువార్తమ్మతో తల ఎత్తి చెప్పింది.  ఆ తల్లి అక్కణ్ణించి కదల్లేదు, ఇరవై ఒక్క చుట్లూ ఊడేదాకా నిలబడి చూసింది.

దారం భరిణెలో పెట్టి ఇచ్చారు. ఈసారి పుచ్చుకుంది. మూత తీసి వేలితో ముట్టుకుని, ఎర్రదనం అలాగే ఉందే అంది. భరిణెని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. క్షమించాననలేదు. అనమని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. విచారణ జరిగింది, నాడిదారం ఆపేశారు, దాని తయారీ చిట్టా మొత్తం జరీనా విచారణలో అందరి ముందూ పెట్టేసింది, ఎవరైనా చాటుగా వాడితే పట్టుకునే ఉపాయంతో సహా. ఉద్యోగం పోయింది, పద్నాలుగు నెలలు కోర్టుల చుట్టూ తిరిగింది. కర్నలు ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఏలీషా మరణ కాగితంలో ఒక వాక్యం మార్చడానికి రెండేళ్ళు పట్టింది. అబ్బులు ఆ రెండేళ్ళూ వదల్లేదు. అయితే, ఆ తర్వాతి వరదలో మామూలు దారం బిళ్ళలు కట్టుకుని దిగిన దళానికి వంతెన వెయ్యడానికి రెండు గంటలు పట్టింది, అవతల పదకొండుమందిని కాపాడలేకపోయారు. ఆ వార్త విన్నరోజు తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఎవరి మూల వాళ్ళు కూచున్నారు. ఆ పదకొండుమందికి ఏం జవాబు చెప్పాలో మాబున్నికి ఇప్పటికీ తెలియదు, తెలిసినట్టు ఎవరితోనూ అనదు.

ఇప్పుడు జరీనా మగ్గానికి అటువైపు కూచుని కుడుతుంది. జెండా మీది కొంగకి మళ్ళీ కన్ను పెట్టలేదు. కొత్తవాళ్ళ బిళ్ళల ఆచారం తిరగబడింది, మాబున్నే తిరగేసింది. ముందు కన్ను కుట్టి, తర్వాతే కొంగని కుడుతుంది. నీలం గుడ్డ మీద మొదట ఒక్క ఎర్ర కన్నే ఉంటుంది, దాని చుట్టూ నెమ్మదిగా పక్షి వస్తుంది.

మొన్నీమధ్య దళంలో కొత్తగా చేరిన పిల్ల ఒకతె, ముత్యాలు అని, తుని అవతల వాళ్ళది, బిళ్ళ కోసం వచ్చింది. జెండా మీద కొంగకి కన్ను లేదేంటండి అని అడిగింది. మాబున్ని సూది ఆపి, కూచోబెట్టి, సుబేదారు కాలితో మొదలుపెట్టి ఏలీషా పిడికిలి దాకా చెప్పింది. ఆ పిల్ల బిళ్ళని ఒళ్ళో పెట్టుకుని, దాని కన్ను మీద బొటనవేలు రాస్తూ అడిగింది.

"నాకు నీళ్ళంటే కొంచెం బయవండి. అక్కడికెళ్ళాక బయవేస్తేనో?"

"వెయ్యనీ అమ్మా," అంది మాబున్ని, దారం కొరుకుతూ. "నీదేగా."